ఖడ్గలక్షణము: ప్రాచీనఖడ్గముల గుర్తింపులో శాస్త్రగ్రంథముల సాక్ష్యము

అమరసింహుడు క్షత్రియవర్గమున ఖడ్గము, నిస్త్రింశము, చంద్రహాసము, అసి, రిష్టి, కౌక్షేయకము, మండలాగ్రము, కరవాలము, కృపాణము అని తొమ్మిది పేర్లు చెప్పినాడు. పాఠశాలలో వీనిని వల్లించిన మనకు శబ్దములు తొమ్మిది, వస్తువు ఒకటి. గురువుగారు పర్యాయము నడిగినపుడు తడబడక చెప్పిన చాలును. అయితే అర్థశాస్త్రమున ఆయుధాగారాధ్యక్ష ప్రకరణము తెరచినచో నిస్త్రింశము, మండలాగ్రము, అసియష్టి అను మూడును మూడు ఖడ్గభేదములుగా కనబడును. పిడులకు ఖడ్గమృగపు కొమ్ము, దున్నపోతు కొమ్ము, ఏనుగు దంతము, కొయ్య, వెదురువేరు అని ద్రవ్యములను సైతము కౌటిల్యుడు అక్కడ లెక్కించినాడు. ఆయుధశాలలో లెక్క వ్రాయువానికి పర్యాయపదములతో పని జరుగదు. ఏ పెట్టెలో ఏ కత్తి యున్నదో తెలియవలెను. నిఘంటువు కలిపివేసిన దానిని ఆయుధశాల విడదీసినది. ప్రాచీనఖడ్గములను గుర్తింపదలచినవాడు ఈ రెండవ దారినే పట్టవలెను.

ఈ విషయము గ్రంథములకు మాత్రమే సంబంధించినది కాదు. గోదావరీ మండలమున పాత లోగిళ్లలో దేవతార్చన గదిలోనో అటకమీదనో ఒక కత్తి గుడ్డలో చుట్టియుండుట నేటికిని కలదు. విజయదశమినాడు దానిని దించి, కుంకుమ పెట్టి, మరల చుట్టి పెట్టుదురు. ఇల్లు పంపకములైనపుడు దానిని ఎవరును అడుగరు. అది పాత ఇనుము కొనువాని త్రాసులోనికి పోవుటయో, పట్టణమునుండి వచ్చిన వర్తకుని సంచిలోనికి పోవుటయో జరుగును. మిగిలిన వానిలో పెక్కింటిని తోముడే నశింపజేయుచున్నది.

నిడదవోలు ప్రాంతమున అట్టి కత్తిని చూపి దాదాపు ప్రతి ఇంటివారును "ఇది రుద్రమదేవి నాటిది" అందురు. నిరవద్యప్రోలను పూర్వనామము గల యీ ఊరినుండి పాలించిన చాళుక్య వీరభద్రుడు రుద్రమదేవికి భర్త యగుటచే ఆ మాట పుట్టినది. అభిమానమును కాదనను. కాని కత్తిని పరీక్షింపక తప్పదు. కాకతీయుల నాటి వీరగల్లులలోను దేవాలయశిల్పములలోను కనబడు ఖడ్గము ప్రాయికముగ తిన్ననిది, వెడల్పైనది. మన ఇండ్లలో దొరకునది చాలవరకు వంపు తిరిగిన అలుగు, పిడి చివర చిన్న పళ్లెము వంటి బిళ్ల గలది. దీనిని తల్వారు అందురు. ఆ పళ్లెపు పిడి మొగలుల కాలమున ప్రబలి, దక్కను సుల్తానుల కొలువులద్వారా మన మన్నెములకు, జమీలకు వచ్చినది. రుద్రమకును దానికిని మూడువందల యేండ్లకు తక్కువ కాని యెడము కలదు.

ఇక తోముడు సంగతి. ఇందులో నా తప్పు కలదు గనుక చెప్పుచున్నాను. సుమారు నలుబదియైదేండ్ల క్రిందట సమీపగ్రామమున ఒక గృహస్థు తన తాతల నాటి కత్తిని తెచ్చి, "శాస్త్రులుగారూ, దసరాకు పూజలో పెట్టవలెను, నల్లగా మచ్చలు పట్టియున్నది, ఏమి చేయమందురు?" అని యడిగినాడు. అలుగంతయు నీటిమీది అలలవలె, బూడిదరంగున సన్నని గీతలతో నిండియున్నది. పిడికి దిగువన పసుపుపచ్చని పోగు వంటిది వంకరలు తిరిగియున్నది. మచ్చలను త్రుప్పుగాను, పచ్చని పోగును పూజాపసుపుగాను నేను భావించితిని. పూజాపాత్రల శుద్ధి తెలిసినవాడను గనుక చింతపండు, ఇటుకపొడి చెప్పితిని. వారు మూడుదినములు తోమినారు. దసరానాడు కత్తి అద్దమువలె మెరిసినది. అందరును సంతోషించిరి, నేనును సంతోషించితిని. కొన్ని సంవత్సరముల తరువాత హైదరాబాదు సాలార్‌జంగ్ ప్రదర్శనశాలలో ఆయుధముల గదిలో ఒక అలుగుమీద ఆ అలలనే, దాని పిడిదగ్గర ఆ పచ్చని పోగునే చూచితిని. అది బంగారుతీగతో పొదిగిన పారసీక లిపి. అలలు ఉక్కు యొక్క స్వరూపము. ఇంటికి వచ్చి బృహత్సంహిత తెరచినాను.

వరాహమిహిరుని ఖడ్గలక్షణాధ్యాయమును మనము శకునభాగముగా చదివి విడిచిపెట్టుదుము. ఉత్తమఖడ్గము ఏబది అంగుళములు, అధమము ఇరువదియైదు. అంగుళమును సుమారు ముప్పాతిక ఇంచిగా గ్రహించినచో ఉత్తమము ముప్పదియేడున్నర ఇంచులగును. అలుగుమీది వ్రణములు సమసంఖ్యాంగుళములందున్న శుభము, విషమసంఖ్యయం దున్న అశుభము. మారేడు, ఛత్రము, శివలింగము, కుండలము, పద్మము, ధ్వజము మొదలగు ఆకారములలో నున్నచో మేలు. తొండ, కాకి, కంకము, మొండెము, తేలు మొదలగు రూపములలో నున్నచో కీడు. మొదటి అంగుళమున వ్రణమున్న పుత్రనాశము, రెండవదాన ధనప్రాప్తి అని ఫలము చెప్పుకొనిపోయినాడు. ఫలభాగమును ప్రక్కన పెట్టుదము. ఇంత చెప్పుటకు ముందు ఎవడో ఒకడు కత్తి నెండలో త్రిప్పి, అంగుళము వెంట అంగుళము, అలుగు మీది ప్రతి గుర్తును చూచియుండవలెను గదా! అద్దమువలె తోమిన అలుగు మీద మారేడును లేదు, తేలును లేదు.

ఆ అధ్యాయముననే నన్ను ఆపినది మరియొక నియమము. కారణము లేక ఖడ్గమును ఒర దూయరాదు, దానిని తట్టరాదు, దానియందు ముఖము చూచుకొనరాదు, వెల చెప్పరాదు, పుట్టిన దేశము చెప్పరాదు, కొలువరాదు, అశుచియై తాకరాదు. దేశము, వెల, కొలత అను మూడును నేటి సంగ్రాహకుడు మొట్టమొదట అడుగు ప్రశ్నలు. శాస్త్రము వానినే నిషేధించినది. రాజు తన ఆయుధబలమును పరులకు తెలియనీయరాదనుట దీని లోకార్థమని నాకు తోచును. కాని, చెప్పరాదనుటలోనే ఖడ్గమునకు దేశమున్నదనియు, అది తెలిసినవారుండిరనియు సిద్ధించుచున్నది. అగ్నిపురాణము ఆ దేశములను బయట పెట్టినది. ఖటీఖట్టరమున పుట్టినవి చూడముచ్చటైనవి, ఋషికదేశపువి శరీరచ్ఛేదకములు, శూర్పారకపువి దృఢములు, వంగదేశపువి తీక్ష్ణములై దెబ్బకు తాళునవి, అంగదేశపువి తీక్ష్ణములు. ఘంటికవలె దీర్ఘమధురముగ మ్రోగు ఖడ్గమును శ్రేష్ఠమని ఆ పురాణమే చెప్పినది. మ్రోత పగులు నెరిగించును. కుండను కొనునపుడు మన ఇండ్లలో ఆడువారు తట్టి చూచుట వంటిదే యిది.

దీనిని శాస్త్రముగ పెంపు చేసినది భోజుని పేర నున్న యుక్తికల్పతరువు. 1917లో ఈశ్వరచంద్రశాస్త్రి కలకత్తాలో దీనిని ముద్రింపించినారు. ఇందులో ఖడ్గపరీక్ష ఎనిమిది విధములు. అంగము, రూపము, జాతి, నేత్రము, అరిష్టము, భూమి, ధ్వని, మానము. అంగములు నూరు, రూపములు నాలుగు, జాతులు నాలుగు, నేత్రములు ముప్పది, అరిష్టములు ముప్పది, భూములు రెండు, ధ్వనులు ఎనిమిది, మానములు రెండు. ఇక్కడ అంగమనగా అవయవము కాదు. అలుగు ఒడలియందే పుట్టి కనబడు రేఖావిన్యాసము. ఒక గ్రంథకర్త నూరు భేదములు చెప్పునంతటి వైవిధ్యము పైపూతలో నుండదు. అది లోహములోనిదే. అలుగుమీద తరువాత చెక్కినదానికి, లోహముతో పుట్టినదానికి గల భేదమును ఆ శాస్త్రము ఎరిగియున్నది. నేటి సంగ్రాహకుడు ఎరుగవలసిన మొదటి భేదమును ఇదియే.

కొందరు ఈ నూరు అంగములలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఉక్కు జాతిని జత చేయబూనుదురు. అది సాహసము. ఉపమానములు పెంచుట మన శాస్త్రకారులకు సహజము. నూరింటిలో ఎన్ని చూచి వ్రాసినవో, ఎన్ని సంఖ్యాపూరణార్థము కల్పించినవో చెప్పజాలము. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుని వ్రణములన్నియు ఈ అలలే యని సాధించుటయు కుదరదు. వానిలో కొన్ని నిజముగ లోహదోషములే కావచ్చును. ఈ గ్రంథములు కత్తికి కాలము చెప్పవు. ఎట్లు చూడవలెనో చెప్పును.

అరబ్బుల గ్రంథములు ఇక్కడ మనకు తోడు వచ్చును. తొమ్మిదవ శతాబ్దిలో అల్ కిందీ అను తత్త్వవేత్త ఖలీఫా ముతసిమ్ (833-842) కొరకు ఖడ్గములమీద ఒక గ్రంథము వ్రాసినాడు. గనినుండి తీసిన ఇనుము, చేసిన ఉక్కు అని విభజించి, ఉత్తమఖడ్గములలో మొదట యెమెనువానిని, తరువాత ఖలాయీవానిని, మూడవ స్థానమున హిందూదేశపువానిని చెప్పినాడు. అలుగు మీది అలలకు అరబ్బీలో ఫిరింద్ అని, పారసీకమున జౌహర్ అని పేరు. హిందూదేశపు కత్తికి అరబ్బీలో ముహన్నద్ అనునది స్తుతివాచకమైనది. మన పండితుడు అంగమనినదానిని వారి పండితుడు ఫిరింద్ అనినాడు. ఇరువురును దానిని పట్టియే కత్తి జాతిని నిర్ణయించిరి.

ఆ ఉక్కు ఎక్కడిది? ఈ ప్రశ్నకు సమాధానము మన భాషలోనే కలదు. ఆంగ్లేయులు 1795 నాటి రాయల్ సొసైటీ వ్యాసమునుండి వూట్జ్ అని వ్రాయుచున్న మాట ఉక్కు శబ్దపు వికారమే. తెనుగన్నను కన్నడమన్నను మూలమొకటే. నిజామాబాదు మండలమున ఇందల్వాయిలో కత్తులు, కటారులు, బల్లెములు విస్తారముగ తయారై దేశమంతట అమ్ముడుపోవుచున్నవనియు, ఇనుము సమీపపు కొండగనులనుండి వచ్చుచున్నదనియు 1667 ప్రాంతమున ఫ్రెంచి యాత్రికుడు థెవెనో వ్రాసినాడు. అదే మండలములోని కోనసముద్రమున మూసలలో ఉక్కు కరగించు విధానమును వైద్యుడు వాయిసీ చూచి వ్రాసిన వ్యాసము 1832లో అచ్చైనది. రెండు తావుల ఇనుములను కలిపి, మట్టిమూసలో పెట్టి, మూతవేసి, అనేక గంటలు కాల్చుదురు. ఇస్ఫహాను వర్తకుడు తానే వచ్చి యక్కడ కూర్చుండి, మంచి దిమ్మలను ఏరుకొని కొనిపోవుట ఆయన చూచెను. ఆ దిమ్మలు పారసీకమున అలుగులై, దమస్కసు కత్తులను పేరున లోకమెల్ల తిరిగినవి. పేరు అమ్మిన సంతది, ఉక్కు మన తెలుగు కమ్మరులది.

నేటి లోహశాస్త్రజ్ఞులు ఈ ఉక్కులో నూటికి సుమారు ఒకటిన్నర వంతు కర్బనమున్నదనియు, గనిలోని ఇనుముతో వచ్చిన వెనేడియము వంటి లేశధాతువులు కర్బనకణములను వరుసలుగ కూర్చుటచే అలలు కలుగుచున్నవనియు చెప్పుచున్నారు. కమ్మరి తక్కువ వేడిమిలో మెల్లమెల్లగ సాగగొట్టవలెను. వేడి మించినచో అలలు కరగిపోవును. అలుగుమీద అడ్డముగ గాట్లు పెట్టి మరల చదును చేసిన నిచ్చెనమెట్ల వంటి విన్యాసము కలుగును. పారసీకులు దానిని నలుబది మెట్లు అందురు.

ఇక పేర్ల సంగతి. మన తెలుగు మాటలే కొంత వంశచరిత్రను చెప్పును. అమరుని ఛురిక నుండి సురియ, చురకత్తి వచ్చినవి. కట్టారము కటారి యైనది. యమదంష్ట్ర జముదాడి యైనది. ఖంజరు కైజారై తెలుగు నిఘంటువులకెక్కినది. కటారికి పిడి రెండు నిలువుకడ్డీలు, వాని నడుమ అడ్డపట్టు. పిడికిలి బిగించి పొడుచుట దాని ప్రయోజనము. విజయనగరపు నాటి దక్షిణదేశపు కటారులకు చేతివెనుక భాగమును కప్పు ఆకు వంటి రేకు ఉండును, ఉత్తరదేశపువానికి సాధారణముగ ఉండదు. ఒక్క రేకును చూచి దేశమును చెప్పవచ్చును.

పట్టిసము విషయమున ఇంత తేట లేదు. గోదావరి నడుమ పట్టిసీమలో వీరభద్రుడు దక్షుని శిరస్సు ఖండించిన పిదప తన పట్టిసమును కడిగినాడని క్షేత్రగాథ. ఆ ఆయుధముపేరనే క్షేత్రమునకు పేరు. కౌటిల్యుడు పట్టసమును గొడ్డలి, పార, ఱంపములతో కలిపి క్షురకల్పములలో చేర్చినాడు, ఖడ్గములలో చేర్చలేదు. కోశకారులు దానిని ఒకరు ఈటె యనిరి, ఒకరు రెండంచుల కత్తి యనిరి. మోచేతివరకు ఇనుపతొడుగుతో నుండు దక్కను పట్టాకత్తిని దీనితో ముడిపెట్టుట ధ్వనిసామ్యముచే కలిగిన ఊహ. దానికి వస్తుసాక్ష్యము కావలెను.

వస్తుసాక్ష్యమందు జాగ్రత్త పడవలసినవి మరికొన్ని కలవు. అలుగును, పిడియును ఒకే తావున పుట్టవలెనని లేదు. ఫిరంగి కత్తియని మనవారన్నది ఐరోపా అలుగునకు దక్కను పిడి తొడిగినది. జెర్మనీ, ఇటలీ, స్పెయినుల అలుగులు ఓడలలో దిగి ఇక్కడ పిడులు తొడుగుకొనినవి. కొడవలి జంట వంటి ముద్రలు ఐరోపావి. కాని మన కమ్మరులు ఆ ముద్రలనుకూడ అనుకరించి కొట్టిరి. కావున ముద్రనుబట్టియే దేశమును నిర్ణయింపరాదు. అట్లే అసదుల్లా ఇస్ఫహానీ యను పేరు చెక్కిన అలుగులు ఒక మనుష్యుని జీవితకాలమునకు మించినన్ని కలవు. ఆ పేరు కొంతకాలము పనివాని పేరై, పిమ్మట మేలిమికి గుర్తైనది. మన పండితులు శాసనమున పేరుండగనే కాలము వేయుదురు. ఖడ్గముమీది పేరును అంత సులభముగ నమ్మరాదు.

అరేబియానుండి నేరుగ వచ్చినది జంబియా. హద్రమౌత్ దేశపు అరబ్బులు నిజాము సైన్యమున చేరి హైదరాబాదులో స్థిరపడిరి. వారి సంతతివారు నేటికిని బార్కస్ పేటలో కలరు. వారి వెంట వచ్చినది ఈ వంపు బాకు. అలుగు నడుమ ఎత్తైన వెన్ను, ఒర చివర కొక్కెమువలె పైకి తిరిగియుండుట దాని గుర్తులు. తెలుగువారి వంకితో దీనిని కలపరాదు.

నకిలీలు చేయువారును ఈ శాస్త్రమును చదివినవారే. మామూలు ఇనుపపట్టీమీద ఆమ్లముతో అలలు వ్రాసి అమ్ముదురు. అట్టిది పైపైని మాత్రమే యుండి, ప్రతి తావున ఒకే లోతున, ఒకే తీరున నుండును. వేర్వేరు ఉక్కురేకులను కలిపి అతికిన క్రొత్త అలుగులలో గీతలు మోటుగ, క్రమము తప్పక నుండును. మూస ఉక్కు అలలు సన్ననివి, ఎడతెగనివి, ఒక చోట చిక్కగ, ఒక చోట పలుచగ ప్రవహించునవి. పాత అలుగునకు క్రొత్త పిడి పెట్టిన సందర్భమున పిడిలోని లక్కను పరిశీలింపవలెను. పూర్వులు అలుగు తోకను పిడిలో లక్క వంటి జిగురుతో బిగించిరి. అందుచేత పిడిని నిప్పుమీద కాచరాదు.

తోమరాదు, సాన పట్టింపరాదు, చింతపండు వేయరాదు. మెత్తని గుడ్డతో పలుచని ఖనిజతైలము రాసిన చాలును. చేతిచెమట ఉక్కును తినును గనుక అలుగును వట్టిచేతితో పట్టరాదు. అశుచియై తాకరాదను నియమమునకు ఇంతకంటె మంచి భాష్యము నాకు దొరకలేదు. తోలు ఒరలో ఏండ్ల తరబడి ఉంచిన తేమ పట్టును. సాన పట్టిన అలుగునందు అలలు పూర్తిగ నశింపవు, నిపుణుడు మరల పైకి తేగలడు. ఎందుకనగా అవి ఒడలియందే కలవు. బంగారు లిపి పోయిన పోయినదే.

రాజశాసనములనుగూడ ఎరుగవలెను. నూరేండ్లు దాటిన కత్తి 1972 నాటి చట్టము ననుసరించి పురావస్తువు. వ్యక్తులు దానిని దేశము దాటింపరాదు, అట్టివానితో వ్యాపారము చేయువారికి అనుమతిపత్రము కావలెను. భూమిలో దొరకినదానిని 1878 నాటి నిధిచట్టము ప్రకారము కలెక్టరునకు తెలుపవలెను. తొమ్మిది అంగుళములకు మించిన అలుగు ఆయుధ నియమావళి లెక్కలోనికి వచ్చును. ఇక్కడి అంగుళము ఇంగ్లీషువారిది, వరాహమిహిరునిది కాదు. ఇంటియందుంచుకొనుటకు తమ ప్రాంతపు నియమమేమో అధికారులను అడిగి తెలిసికొనుట మేలు.

మన కళాశాలలలోని అధ్యాపకులకు ఒక విన్నపము. సెలవులలో ఊళ్లకు పోయినపుడు అట్టి కత్తి కనబడినచో కొనవలదు, అడుగవలదు. పగటివెలుగున ఛాయాచిత్రము తీసి, అలుగు పొడవు, మొదటను చివరను వెడల్పు, వంపు, పిడి తీరు, అక్షరములున్న తావు, ఆ ఇంటివారు దానిని పిలుచు పేరు వ్రాసికొనిన చాలును. ఆ పేరును తప్పక వ్రాయవలెను. ప్రదర్శనశాలకు చేరిన వెనుక వస్తువు మిగులును, ఇంటి పేరు మిగులదు. అక్షరములు పారసీకములైనచో చదువగలవారిని వెదకుదము. నాకు ఆ లిపి రాకపోవుటచేతనే గదా పసుపని యనుకొంటిని!

ఆ గృహస్థు గతించినారు. వారి కుమారుడు రెండేండ్ల క్రిందట ఆ కత్తిని మరల చూపినాడు. పిడినుండి అలుగుమీదికి దిగిన రెండు చిన్న నాలుకల క్రింద ఇటుకపొడి చొరబడలేదు. నాలుక అంచున దీపము పెట్టి చూచితిమి. గోరంత మేర అలలు అట్లే యున్నవి. వాని నడుమ బంగారుతీగ ఒక్క నిలువుగీతగ మిగిలినది. ఉర్దూ చదివిన మిత్రుడు అది అలిఫ్ కావచ్చును, లామ్ యొక్క పైభాగమును కావచ్చును అని చెప్పినాడు.